చిన్నపిల్లలతో కారులో దూరప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరేడు గంటలు కారులో కూర్చోవడం పెద్దవాళ్లకే విసుగు. ఇక మూడేళ్ల పాప సంగతి చూడండి. కాళ్లు కిందికి అందవు. భుజాల మీద, నడుము దగ్గర బెల్టులు. ఎదురుగా కనిపించేది ముందు సీటు వీపు ఒక్కటే. "సాయంత్రానికి చేరిపోతాం" అంటాం గానీ, సాయంత్రం అంటే ఎంతసేపో ఆ వయసుకి తెలియదు. అందుకే కారులో ఏడ్చే పిల్లల్ని "మొండి" అంటే నాకు బాధేస్తుంది. మా పాపతో ఇలాంటి ప్రయాణాలు చాలా చేశాం. కొన్ని బెడిసికొట్టాయి, కొన్ని చక్కగా కుదిరాయి. స్నేహితులు, బంధువులు మమ్మల్ని పదే పదే అడిగేవాటికి జవాబులు ఇవి.

ఇవి ఏ వయసు పిల్లలకు పనికొస్తాయి?

ముఖ్యంగా ఏడాది దాటినవాళ్ల నుంచి ఐదారేళ్ల వాళ్ల వరకు. ఇంకా చిన్నవాళ్ల కోసం కింద విడిగా రాశాను.

ఏ టైమ్‌కి బయలుదేరితే మంచిది?

మీ పిల్లల నిద్రని బట్టి చూసుకోండి. మాకు కలిసొచ్చింది తెల్లవారుజాము. రాత్రి వేసుకున్న బట్టలతోనే ఎత్తుకొచ్చి పిల్లల సీటులో (కారు సీటు మీద విడిగా బిగించే, బెల్టులున్న చిన్న సీటు) కూర్చోబెట్టి బెల్టు పెడతాం. కాసేపు కళ్లు తెరిచి చూస్తుంది, మళ్లీ నిద్రపోతుంది. లేచేసరికి రెండు గంటల దారి గడిచిపోయి ఉంటుంది. మధ్యాహ్నం తప్పకుండా పడుకునే పిల్లలైతే భోజనం అయ్యాక బయలుదేరినా బాగుంటుంది. ఎక్కే ముందు మాత్రం ఒక పావుగంట బాగా పరిగెత్తనివ్వండి.

రాత్రంతా నడిపితే పిల్లలు హాయిగా పడుకుంటారు కదా అని కొందరు అంటారు. పిల్లలు పడుకుంటారు, నిజమే. కానీ డ్రైవ్ చేసేవాళ్లకు కూడా నిద్ర ముంచుకొచ్చే సమయం అదే. పిల్లల ఏడుపుకంటే అది చాలా పెద్ద ప్రమాదం.

సంచిలో ఏమేం పెట్టుకోవాలి?

ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. పిల్లల వేళ్లకు పని చెప్పేవి కావాలి. తీసి మళ్లీ అతికించే స్టిక్కర్లు, గీసి తుడిచేసే పలక, జిప్పులూ బటన్లూ ఉన్న పాత పర్సు, వేళ్లకు తొడిగే గుడ్డ బొమ్మలు, మూత ఉన్న రేకు డబ్బా, దానికి అంటుకునే పెద్ద సైజు అయస్కాంతం అక్షరాలు. వీటిలో సగం ఇంట్లోనే ఉంటాయి. అయస్కాంతం ముక్కలు చిన్నవైనా, ఊడిపోయేలా ఉన్నా వద్దు, మింగితే పేగులకు ప్రమాదం.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం మాస్కింగ్ టేపు అంటాను. పెయింటర్లు గోడ అంచులకు వేసే కాగితపు టేపు. చేత్తో చిరుగుతుంది, ఊడదీస్తే మరక పడదు. పాపకు మూడేళ్లున్నప్పుడు ఒకసారి ఇచ్చినవన్నీ విసిరేసి కాళ్లు తన్నుకుంటుంటే, బెత్తెడు టేపు చించి తన మోకాలి మీద అతికించాను. ఏడుపు ఆగింది. గోటితో అంచు లేపడానికే రెండు నిమిషాలు పట్టింది. మూల లేచింది, చూపుడు వేలికి అంటుకుంది. అక్కడి నుంచి తీస్తే రెండో చేతి బొటనవేలికి అంటుకుంది. నవ్వింది. చివరికి దాన్ని కిటికీ అద్దానికి అతికించి "ఇది రోడ్డు" అంది. ఇంకోటి అడిగింది. ముప్పావు గంటకి అద్దం కింద భాగమంతా రోడ్లే. వాటి మీద తన వేలే కారు. టేపు చుట్ట మాత్రం మన చేతిలోనే ఉండాలి, ముక్కలుగా చించి ఇవ్వాలి.

పెట్టకూడనివి కూడా చెప్పాలి. బరువైన, గట్టి బొమ్మలు వద్దు. సడన్ బ్రేక్ వేస్తే కారులో ఉన్న ప్రతి వస్తువూ విసిరినట్టు ముందుకొస్తుంది. మూడేళ్లలోపు పిల్లలకు నోట్లో పట్టే చిన్న ముక్కలున్నవి, బెలూన్లు వద్దు. బటన్ బ్యాటరీతో నడిచే బొమ్మ అయితే బ్యాటరీ మూతకి స్క్రూ గట్టిగా ఉందో లేదో చూడండి. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే గొంతు గొట్టం లోపల కాలిపోయే ప్రమాదం ఉంది. మైనపు క్రేయాన్లు ఎండలో సీటు మీద కరిగిపోతాయి, నీళ్లతో పోయే స్కెచ్ పెన్నులు నయం.

ఎన్ని బొమ్మలు తీసుకెళ్లినా అరగంటలో అన్నీ అయిపోతున్నాయి. ఏం చేయాలి?

ఎక్కువ మంది అడిగేది ఇదే. దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే, సంచి పిల్లల చేతికి అందేచోట ఉండటం. పది వస్తువులు ఒకేసారి కనిపిస్తే ఏ పిల్లలైనా పదింటినీ తాకి వదిలేస్తారు. సంచి మన కాళ్ల దగ్గర ఉండాలి. ఒకసారికి ఒక్కటే బయటికి రావాలి.

రెండో సంగతి, మొదటి గంట ఏమీ ఇవ్వకండి. అప్పుడు కారు కదలడమే కొత్త, కిటికీయే బొమ్మ. పాప హాయిగా బయటికి చూస్తుంటే "బోర్ కొడుతోందా అమ్మా? ఇదిగో ఇది ఆడుకో" అని మనమే మధ్యలో దూరతాం. ఆ తొందర మనది, పాపది కాదు. పిల్లలు కాస్త ఊరికే కూర్చోవడం కూడా మంచిదే. కొందరు అలా కూర్చునే తమలో తాము మాట్లాడుకుంటూ కథ అల్లేసుకుంటారు.

మరి ఎప్పుడు ఇవ్వాలి? ఏడుపుకు ముందే ఒక గుర్తు కనిపిస్తుంది. మా పాప ముందుగా చెప్పులు విడిచి కింద పడేస్తుంది. తర్వాత మడమతో సీటుని కొడుతుంది. ఆ తర్వాతే రాగం. మీ పిల్లలకు ఏ గుర్తో గమనించండి, సరిగ్గా అక్కడ ఒక వస్తువు తీయండి. ఏడుపు మొదలయ్యాక ఇస్తే విసిరేస్తారు, పైగా ఏడిస్తే బొమ్మ వస్తుందని నేర్చుకుంటారు.

విసుగొచ్చేదాకా కూడా ఉంచకండి. ఇంకా ఇష్టం ఉండగానే "దీన్ని పడుకోబెడదాం, మళ్లీ లేస్తుంది" అని సంచిలో పెట్టేస్తే, మూడు గంటల తర్వాత అదే వస్తువు కొత్తదిలా కనిపిస్తుంది. పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి ఉంచితే ఆ పొట్లం విప్పడమే ఒక ఐదు నిమిషాల ఆట.

నేను పాటించే వరుస ఇది: ముందు కిటికీ, తర్వాత కబుర్లు, పాటలు, తర్వాత చేతి బొమ్మలు, ఆ తర్వాత తినడానికి ఏదైనా, అన్నిటికంటే చివర స్క్రీన్. ఎందుకంటే ఒకసారి స్క్రీన్ చూశాక మళ్లీ కబుర్లలోకి రమ్మంటే పిల్లలు రారు.

ఏడాది లోపు బిడ్డకు ఏం కావాలి?

మీ ముఖం, మీ గొంతు. వెనక సీటులో పక్కన ఎవరో ఒకరు కూర్చుంటే సగం పని అయిపోయినట్టే. ముఖానికి పల్చటి గుడ్డ అడ్డం పెట్టుకుని "బూ" అనడం, నాలుక ఆడించడం, ఒకే లాలిపాట ఇరవైసార్లు పాడటం. ఈ వయసుకి మళ్లీ మళ్లీ అదే రావడం ఇష్టం, కొత్తదనం మనకే కావాలి. మెత్తటి గుడ్డ పుస్తకం ఒకటి, చప్పుడు చేసే తేలికైన బొమ్మ ఒకటి చాలు. ఈ వయసులో పిల్లల సీటు వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి వాళ్లకు కనిపించేది వెనక అద్దం వైపే. ఎండ ముఖాన పడకుండా కిటికీకి షేడ్ పెట్టండి. అంత చిన్న బిడ్డను ఒకే బిగిన రెండు గంటలకు మించి ఆ సీటులో ఉంచకండి. దింపి, పడుకోబెట్టి, ఒళ్లు కదిలించనివ్వండి.

బొమ్మ లేకుండా ఆడే ఆటలు చెబుతారా?

ఇవే నాకు అన్నిటికంటే ఇష్టం. వీటికి బరువు లేదు, పోతాయన్న భయం లేదు, కింద పడితే వంగి తీయక్కర్లేదు.

రెండు, మూడేళ్ల వాళ్లకు తప్పు చెప్పడమే పెద్ద ఆట. "అదిగో, ఆవు స్కూటర్ నడుపుతోంది" అనండి. "కాదూ!" అని అరిచి మరీ సరిదిద్దుతారు. పెద్దవాళ్ల తప్పు పట్టుకునే అవకాశం పిల్లలకు రోజూ దొరకదు కదా, ఎంతసేపైనా ఆడతారు. రంగుల ఆట కూడా బాగుంటుంది: "ఎర్ర లారీ కనిపిస్తే చప్పట్లు, పసుపుది కనిపిస్తే ముక్కు పట్టుకో." కారు ఆగగానే అందరూ శిలల్లా అయిపోవాలి, కదలగానే ఒళ్లంతా ఊపాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఈ ఆట కాపాడుతుంది.

నాలుగేళ్లు దాటితే "నాకొకటి కనిపిస్తోంది, పొడుగ్గా ఉంది, కదలదు, ఏమిటది?" అని మొదలుపెట్టొచ్చు. అక్షరాల ఆట అయితే "క"తో మొదలయ్యేవి చెప్పుకుంటూ పోవడమే: కాకి, కారు, కిటికీ, కుర్చీ. రాయడం రాని పిల్లలు కూడా చెవితో విని పట్టేస్తారు. పొడుపు కథలు మీరే అల్లండి. "వాన పడితేనే చేతులు ఊపుతుంది, ఎవరది?" అంటే మా పాప చాలాసేపు ఆలోచించి ముందు అద్దం మీది వైపర్‌ని చూపించింది. ఆ తర్వాత తనే ఒకటి కట్టింది: "గుండ్రంగా ఉంటుంది, నాన్న పట్టుకుంటాడు." స్టీరింగ్.

నాకు కథలు చెప్పడం రాదు. ఎలా?

పాత కథ గుర్తు తెచ్చుకోవాలనుకుంటేనే కష్టం. మీ పిల్లల పేరే హీరోకి పెట్టండి, మీ కారులోనే మొదలుపెట్టండి. "డిక్కీలో ఒక చిన్న కుందేలు దాక్కుంది, ఎవరికీ తెలియదు." అక్కడ ఆపి "దానికి ఆకలేసింది, ఇప్పుడేం చేస్తుంది?" అని అడగండి. మిగతా కథ పిల్లలే నడిపిస్తారు, మీరు "అయ్యో, తర్వాత?" అంటే చాలు.

అమ్మమ్మ, తాతయ్యల చేత నాలుగు కథలు ముందే ఫోన్‌లో రికార్డు చేయించుకోండి. తెలిసిన గొంతు వింటే పిల్లలు కుదురుగా కూర్చుంటారు. వినే కథల్లో ఇంకో లాభం, కళ్లు కిందికి దించాల్సిన పని లేదు కాబట్టి తల తిరగదు.

ఫోన్, ట్యాబ్ ఇవ్వొచ్చా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్లు నిండనివాళ్లకు స్క్రీన్ వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. దూరప్రయాణం రోజున కాస్త ఎక్కువైతే ఆ తల్లిదండ్రుల్ని నేను తప్పు పట్టను. చివరి గంటలో, అందరి ఓపికా అయిపోయినప్పుడు అది నిజంగా పనికొస్తుంది. అందుకే దాన్ని చివరికి దాచుకోమనేది.

దారిలో సిగ్నల్ పోతుంది, కాబట్టి చూపించాలనుకున్నవి ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. ట్యాబ్‌ని చేతికి ఇవ్వకుండా ముందు సీటుకి గట్టిగా బిగించే హోల్డర్‌లో, పిల్లల కంటి ఎత్తులో పెట్టండి. "పది నిమిషాలే" అంటే వాళ్లకు అర్థం కాదు. "ఈ రెండు కథలు అయిపోగానే ఆపేద్దాం" అంటే అర్థమవుతుంది. హెడ్‌ఫోన్ పెడితే సౌండ్ 85 డెసిబెల్స్ దాటని పిల్లల హెడ్‌ఫోన్ తీసుకోండి, కారు రొద మీద మనకు తెలియకుండానే వాల్యూమ్ పెంచేస్తుంటాం.

కారు ఎక్కితే వాంతులు. ఆటలు కూడా ఆడించలేకపోతున్నాం.

చెవి లోపల ఉండే భాగం "కదులుతున్నాం" అని చెబుతుంది. పుస్తకాన్నో ఫోన్‌నో చూస్తున్న కళ్లు "కదలడం లేదు" అంటాయి. రెంటికీ పొత్తు కుదరక తల తిరుగుతుంది. రెండేళ్లలోపు వాళ్లకు ఇది అరుదు. రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య ఎక్కువ.

ఈ పిల్లలకు పుస్తకం, పలక, స్క్రీన్ మూడూ పక్కన పెట్టేయండి. తల ఎత్తి దూరంగా చూసే ఆటలే ఆడించండి: కొండ మీద ఏముంది, ఎదురుగా వచ్చే లారీ ఏ రంగు, అలాంటివి. పాటలు, కథలు ఎన్నైనా సరే. కాస్త గాలి ఆడనివ్వండి, ఘాటైన సెంటు, కారు పర్‌ఫ్యూమ్ తీసేయండి. ఎక్కే ముందు కడుపు నిండా పెట్టకండి, అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు.

చిన్నపిల్లలు "తల తిరుగుతోంది" అని చెప్పలేరు. గలగలా మాట్లాడే పాప ఉన్నట్టుండి మౌనంగా అయిపోతే, వరసగా ఆవలిస్తే, ముఖం పాలిపోయి చెమట పడితే, "పొట్ట నొప్పి" అంటే వెంటనే కారు ఆపండి. మూతి కట్టగలిగే కవర్లు, ఒక టవల్, ఒక జత బట్టలు డిక్కీలో కాకుండా చేతికి అందేలా ఉండాలి. మీకు కూడా ఒక జత. వాంతి అయ్యాక కాసేపు ఆగి కొద్దికొద్దిగా నీళ్లు తాగించండి. ప్రతి ప్రయాణంలోనూ ఇదే పరిస్థితి అయితే బయలుదేరే ముందే డాక్టర్‌ని అడగండి, సొంతంగా మాత్ర వేయొద్దు.

తినడానికి ఏం ఇవ్వాలి?

చేతికి అంటుకోనివి, ముక్కలుగా ఇవ్వగలిగినవి. గళ్ల డబ్బా ఒకటి ఉంటే ఒక్కో గడిలో ఒక్కో రకం కొంచెం కొంచెం పెట్టండి. మూత తీయడం, ఎంచుకోవడం కూడా కాలక్షేపమే. గింజలు, గట్టి చాక్లెట్లు, పాప్‌కార్న్ నాలుగేళ్లలోపు వాళ్లకు వద్దు, ద్రాక్షపళ్లను నిలువుగా కోసి ఇవ్వండి. కదిలే కారులో గొంతుకు అడ్డం పడితే ముందు సీటు నుంచి గమనించడం కష్టం. పక్కన ఎవరూ లేకపోతే కారు ఆపాకే పెట్టండి. మాటిమాటికీ ఆపాల్సి వస్తుందని నీళ్లు మాత్రం తగ్గించకండి.

ఎంతసేపటికోసారి ఆగాలి?

రెండు గంటలకోసారి, కనీసం పావుగంట. డైపర్లు మానేసిన కొత్తల్లో అయితే ఇంకా ముందే. ఆగడం అంటే పిల్లల కాళ్లకు పని పడాలి. ఎత్తుకుని నిలబడితే పని మన కాళ్లకే. వాహనాలకు దూరంగా, చేయి పట్టుకుని, కప్పలా గెంతించండి, ఒక చిన్న బంతి ఉంటే ఇంకా మంచిది. ఈ ఆగేవాటిని కలుపుకునే ప్రయాణం ఎన్ని గంటలో లెక్క వేయండి. ఐదు గంటల దారిని ఏడు గంటలని ముందే అనుకుంటే టెన్షన్ ఉండదు, మన టెన్షన్ లేకపోతే పిల్లలూ తేలిగ్గా ఉంటారు.

"ఇంకెంత దూరం?" అని నిమిషానికోసారి అడుగుతోంది.

తనకు కాలం కనిపించడం లేదు, కనిపించేలా చేయండి. ఐదు గంటల ప్రయాణమైతే ముందు సీటు వెనక ఉండే జేబు అంచుకి పది బట్టల క్లిప్పులు పెట్టండి. అరగంటకోటి చొప్పున తీస్తూ ఉండండి. "అన్నీ అయిపోతే వచ్చేసినట్టే" అని ముందే చెప్పండి. మా పాప దూరం అడగడం మానేసి "క్లిప్పు తీసే టైమ్ అయిందా?" అని అడగడం మొదలుపెట్టింది. దారి లెక్క తప్పి ఆలస్యమైతే క్లిప్పుని కాస్త ఆలస్యంగా తీయండి. తీసేసినదాన్ని మళ్లీ పెట్టకండి.

బాగా ఏడుస్తుంటే బెల్టు తీసి ఒడిలో కూర్చోబెట్టుకోవచ్చా?

కారు కదులుతుండగా వద్దు, ఒక్క నిమిషం కూడా వద్దు. 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు గుద్దుకుని ఆగితే పది కిలోల బిడ్డను ఎంత బలమైనవాళ్లయినా చేతులతో పట్టుకోలేరు. అలాగే వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటుని, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో ఎప్పుడూ పెట్టకూడదు.

ముందు కారణం వెతకండి. బెల్టు కింద బట్ట మడత పడి గుచ్చుకుంటోందా, డైపర్ తడిసిందా, కళ్లలో ఎండ పడుతోందా, వీపు చెమట పట్టిందా. ఏదీ కాకపోతే, "కూర్చుని కూర్చుని విసుగొచ్చింది కదా, నాకూ వచ్చింది" అనండి. "ఏడవకు" అనడం కంటే ఇది పనిచేస్తుంది. అప్పటికీ ఆగకపోతే సురక్షితమైన చోట కారు ఆపి, అప్పుడు ఎత్తుకోండి. పది నిమిషాలు ఆలస్యమైతే ఏం పోయింది?

నేనొక్కదాన్నే డ్రైవ్ చేస్తూ పాపను తీసుకెళ్లాలి. ఎలా?

మీ చేతులు స్టీరింగ్ మీద, కళ్లు రోడ్డు మీద. కాబట్టి మీ దగ్గర ఉన్నది గొంతు ఒక్కటే. నేను ఒక లైను, నువ్వు ఒక లైను అన్నట్టు పాటలు, పైన చెప్పిన తప్పులు చెప్పే ఆట, రికార్డు చేసిన కథలు ఎక్కువగా పెట్టుకోండి. పాప చేతికి అందేలా మెత్తటి బొమ్మలు రెండు మాత్రమే ఉంచండి. "బొమ్మ కింద పడితే కారు ఆగాకే తీస్తా" అని బయలుదేరే ముందే ఒప్పందం చేసుకోండి, దానికి కట్టుబడండి. వెనక్కి తిరిగి అందించే ప్రయత్నం మాత్రం చేయకండి. దారిలో ఇంకాస్త ఎక్కువసార్లు ఆగండి కూడా.

ఇద్దరు పిల్లలు, ఒకటే గొడవ.

ఎవరి సంచి వాళ్లది, ఎవరి స్టిక్కర్లు వాళ్లవి, ఒకే రకం. పెద్దవాడికి ఏదైనా బాధ్యత ఇవ్వండి: క్లిప్పులు లెక్కపెట్టడం, తర్వాతి పాట ఎంచడం. ఒకరితో ఒకరు పోటీ పడే ఆటలకంటే ఇద్దరూ ఒక జట్టుగా అమ్మానాన్నలతో పోటీ పడే ఆటలు పెడితే గొడవలు తగ్గుతాయి.

నిద్రపోవడానికి జలుబు మందు కొంచెం వేస్తే?

వద్దు. అది నిద్ర కోసం ఇచ్చే మందు కాదు, చిన్నపిల్లల ఊపిరి మీద ప్రభావం చూపొచ్చు. కొందరు పిల్లలు నిద్రపోకపోగా రెచ్చిపోతారు కూడా.

నిద్రపోతోంది కదా, కారులోనే ఉంచి ఐదు నిమిషాలు దిగి రావచ్చా?

రాకూడదు. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే దాదాపు 10 డిగ్రీలు వేడి పెరుగుతుంది. కిటికీ కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. పిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. లేపితే ఏడుస్తుందన్నా సరే, ఎత్తుకునే దిగండి.

తిరుగు ప్రయాణానికి ఏం మిగలడం లేదు.

వెళ్లేటప్పుడే సంచిని రెండుగా విడదీసి, సగాన్ని తిరుగు దారికి ముడి వేసి పక్కన పెట్టండి. వెళ్లిన చోట ఏరుకున్న ఆకులు, పాత టికెట్ ముక్కలు, అక్కడ తీసిన ఫొటోలు ఉంటాయి. "ఇది ఎక్కడ దొరికింది? అప్పుడు ఎవరున్నారు?" అని అడుగుతూ పోతే గంట గడుస్తుంది. ఇల్లు చేరాక ఆ సంచిని మాత్రం పిల్లలకు కనిపించకుండా అటక మీద పెట్టేయండి. ఇంట్లో రోజూ ఆడితే అవి పాతబడిపోతాయి. మాది ఇప్పుడు అటక మీదే ఉంది. టేపు అయిపోయింది, కొత్త చుట్ట కొనాలి.